ఖుర్తుబా ముంగిట మిగిలిన మాటలు

స్పెయిన్ దేశపు దక్షిణ భాగంలో కార్డోబా నగరం ఉన్నది. మన ఇళ్ళలో ఉర్దూ చదివిన పెద్దలు దానిని ఖుర్తుబా అంటారు. నగరాన్ని ఒరుసుకుని పారే నది పేరు గ్వాదల్‌కివీర్. ఆ పేరును నెమ్మదిగా రెండుసార్లు పలికి చూడండి. ‘అల్ వాదీ అల్ కబీర్’ వినబడుతుంది. అంటే పెద్ద ఏరు. దినానికి ఐదుసార్లు అజాన్‌లో మనం వినే ‘అక్బర్’కూ, ఆ నది పేరు చివరనున్న ‘కివీర్’కూ ధాతువు ఒక్కటే.

నది ఒడ్డున, 785 ప్రాంతంలో మొదటి అబ్దుర్రహ్మాన్ ప్రారంభించిన జామె మసీదు నిలిచి ఉన్నది. 1236లో నగరం కాస్టీల్ రాజు మూడవ ఫెర్నాండో వశమైనప్పుడు అది చర్చిగా మారింది. నేటికీ చర్చియే; నమాజుకు అనుమతి లేదు. లోపలి స్తంభాల గురించీ, ఎరుపు తెలుపు కమానుల గురించీ ఎందరో వ్రాశారు. మనం ముంగిట్లోనే ఆగుదాం.

ఒకప్పుడు ప్రజలు వుజూ చేసుకున్న ఆ ముంగిలిని ఇప్పుడు నారింజల ఆవరణ అని పిలుస్తారు. స్పానిష్ భాషలో నారింజను ‘నరాంహా’ అంటారు. అరబ్బీలో అది నారంజ్, ఫార్సీలో నారంగ్, సంస్కృతంలో నారంగం. ఆ సంస్కృత పదానికి మూలం ద్రావిడ భాషలలోనే ఉండవచ్చునని పండితులు భావిస్తున్నారు. అంటే మన పెరటి చెట్టు పేరే, నాలుగు భాషలు మారి, అక్కడ వినబడుతున్నదన్న మాట! చక్కెర కథా ఇటువంటిదే. సంస్కృత ‘శర్కర’ నుండి మనకు చక్కెర వచ్చింది. అరబ్బులకు ‘సుక్కర్’ వెళ్ళింది. అక్కడినుండి స్పానిష్ ‘అసూకర్’ పుట్టింది. ముందున్న ‘అ’ ఎక్కడిదంటారా? ‘అల్ రహ్మాన్’ అని వ్రాసి ‘అర్రహ్మాన్’ అని చదవాలని మక్తబ్‌లో పిల్లలకు నేర్పుతాం గదా. ఆ సూత్రం ప్రకారమే ‘అల్ సుక్కర్’ ‘అస్సుక్కర్’ అయింది. స్పెయిన్ ప్రజలు చెవికి వినబడినది వినబడినట్టే స్వీకరించారు.

ఆ ముంగిలి క్రింద నీటి తొట్టి ఒకటి ఉన్నది. అటువంటి తొట్టిని స్పానిష్‌లో ‘అల్హీబె’ అంటారు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను సోదరులు పడవేసిన బావికి దివ్య ఖుర్ఆన్ వాడిన పదం ‘జుబ్బ్’. అల్హీబెకు మూలం అదే. చేలకు నీరు పంచే కాలువ ‘అసేకియా’, అరబ్బీలో సాఖియా. నీరు తోడే చక్రం ‘నోరియా’, అరబ్బీలో నావూరా. సుంకపు కార్యాలయాన్ని ‘అదువానా’ అంటారు. జమీందారుల కాలపు మన ‘దివాణం’ దానికి తోబుట్టువు. రెండింటికీ మూలం దీవాన్.

ఈ మాటలు నిలిచిన తీరు తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. 1567లో రెండవ ఫిలిప్ రాజు గ్రనాడా ప్రాంతంలో అరబ్బీని నిషేధించాడు. వీధిలోనే గాదు, ఇంటిలోపల సైతం ఆ భాష మాట్లాడరాదు, వ్రాయరాదు. కాస్టీల్ భాష నేర్చుకునేందుకు మూడేళ్ళు గడువిచ్చారు. తల్లి తన బిడ్డను తన భాషలో జోకొట్టడం కూడా నేరమయ్యే ఆజ్ఞ అది. మరుసటి ఏడు తిరుగుబాటు చెలరేగింది, అణచివేయబడింది. అప్పటికే బలవంతంగా బాప్తిస్మం పొందివున్న ఆ ముస్లిముల సంతతిని 1609 నుండి 1614 వరకు దేశంనుండే వెళ్ళగొట్టారు. సుమారు మూడు లక్షలమంది ఓడలెక్కారు. ఎక్కువమంది ఉత్తర ఆఫ్రికా తీరాన దిగారు.

వారి మాట ఒకటి మాత్రం ఓడ ఎక్కలేదు. స్పానిష్‌లో ‘అలా జరిగితే ఎంత బాగుండును’ అనే అర్థంలో ‘ఓహలా’ అంటారు. మూలం ‘లౌ షా అల్లాహ్’, అల్లాహ్ తలిస్తే అని. మన ‘ఇన్షా అల్లాహ్’కు అతి దగ్గరి బంధువు. కొందరు దానికి వేరే మూలాలు వెదుకుతారు గానీ, స్పెయిన్ రాజభాషా అకాడమీ నిఘంటువు అరబ్బీ మూలాన్నే చెబుతున్నది. కార్డోబా కొండల్లో ఆలివ్ తోటల రైతు వానకోసం ఆకాశం వంక చూస్తూ ఓహలా అంటాడు. పరీక్ష వ్రాసి వచ్చిన విద్యార్థి ఓహలా అంటాడు. ఆ పాత మసీదులో ప్రార్థన ముగించి బయటికి వచ్చే చర్చి ఫాదిరీ కూడా, నారింజ చెట్ల నీడన నిలబడి, ఆ మాటే అంటాడు.