అరకు కొండలలో జీపు మూటలు

అరకు పోవుదారిలో, సముద్రమట్టమునకు 700 మీటర్లకు పైనున్న బొర్రా గుహలనుండి కటికి జలపాతమునకు మేము జీపులో పోయితిమి. త్రోవ యంతయు రాళ్లు; బండి యెగిరినప్పుడెల్ల వదులుగా కట్టిన మూట మనమీదనే పడును. కావున బియ్యము, నీళ్లడబ్బాలు మొదలగు బరువులను అడుగున, ముందువెనుక చక్రముల నడిమిభాగమున చేర్చి, కొబ్బరిత్రాటితో అడ్డముగను నిలువుగను బిగించితిమి. ఆవకాయజాడీకి పాతచీర చుట్టితిమి. కొండమబ్బు చెప్పక తడుపును గనుక దుప్పట్లను, అగ్గిపెట్టెను టార్పాలినులో కట్టితిమి.

మందులు మాత్రము మూటలలో వేయరాదు. వలదన్నను వెంటవచ్చిన మా అత్తగారికి సగము త్రోవలో ఉబ్బసము పొడసూపెను. పీల్చుమందు మా యొడిలోని సంచిలోనే యుండుటచే బండి యాగకముందే అందించితిమి. ఊపిరి కుదుటపడగానే వారు, "జాడీ పగిలెనా?" యని యడిగిరి. పగులలేదు.