మాడ్రిడ్‌లో మూడు సాయంకాలాలు

రాజధాని అనగానే మన మనస్సులో ఒక నది మెదులుతుంది. లండనుకు థేమ్స్, పారిసుకు సేన్, ఢిల్లీకి యమున. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కూ ఒక నది లేకపోలేదు. మంథనారెస్ అని దాని పేరు. వంతెన మీద నిలబడి దాన్ని ఒక్కసారి పరికించి, "బెజవాడలో మన కాలువలు ఇంతకంటె నిండుగా వుంటాయోయ్!" అన్నారు మావారు. వెనకటికి ఆ వూరి కవులు కూడా తమ నదిని వేళాకోళం చేసినవారే. ఇక సముద్రమా, మూడువందల కిలోమీటర్ల దూరాన వున్నది. నేల మెట్ట, సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తు.

మరి యిటువంటి చోట మహానగరం ఎలా వెలిసిందయ్యా అంటే, రాజుగారి మాట మీద వెలిసింది. తొమ్మిదవ శతాబ్దంలో అరబ్బు పాలకులు కట్టిన కోట చుట్టూ పెరిగిన చిన్న వూరు యిది. దేశానికి ఇంచుమించు నట్టనడుమ వున్నదని 1561లో రెండవ ఫిలిప్ రాజు తన కొలువును ఇక్కడికి మార్చాడు. కొలువు వెంట వుద్యోగులు, వారి వెంట వర్తకులు, ఆ వెనుక కవులు, చిత్రకారులు, వీళ్లందరికీ అప్పులిచ్చేవాళ్లు వచ్చి చేరారు. వూరు నగరమయింది.

ఫ్రాంక్‌ఫర్టులో వుద్యోగం చేస్తున్న మా తమ్ముడి యింటికి వేసవి సెలవులలో వెళ్లినప్పుడు, మూడు రోజులు వీలుచేసుకుని ఈ నగరం చూసి వచ్చాము. బయలుదేరేటప్పుడు మా మరదలు ఇరవైరెండు స్థలాల జాబితా చేతికిచ్చి, "వదినగారూ, ఒక్కటీ వదలకండి!" అన్నది. కాని జాబితాలు పట్టుకుని తిరిగేవాళ్లకు మాడ్రిడ్ లొంగదు. ఆ వూరి కాలమే వేరు.

అక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికో మూడింటికో. రాత్రి భోజనం తొమ్మిది దాటితేగాని లేదు. ఏడింటికి హోటలులోకి వెళ్లి కూర్చుంటే వడ్డించేవాడు మనల్ని రోగులను చూసినట్లు జాలిగా చూస్తాడు. దీనికి వెనుక చిన్న చరిత్ర వున్నది. భూగోళం మీద చూస్తే స్పెయిన్ ఇంగ్లండుకు తిన్నగా దక్షిణాన వుంటుంది. సూర్యుణ్ణిబట్టి లండను గడియారమే దానికీ సరిపోవాలి. 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను ఒక గంట ముందుకు జరిపి జర్మనీ వేళతో కలిపింది. యుద్ధం ముగిసినా, ఫ్రాంకో పోయినా, ఆ గంట మాత్రం వెనక్కు రాలేదు. పైగా వేసవిలో మరో గంట కలుపుతారు. అందువల్ల జూన్ నెలలో అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదీ ముప్పావుకు! మధ్యాహ్నం ఎండ మన గుంటూరు ఎండను తలపిస్తుంది. అప్పుడు లోపల నడుము వాల్చి, చల్లబడ్డాక బయలుదేరితే నాలుగు గంటల వెలుగు మన చేతిలో వుంటుంది.

మొదటి సాయంకాలం ప్వెర్తా దెల్ సోల్ నుంచి మొదలుపెట్టాము. సూర్యద్వారం అని అర్థం. ద్వారం ఏనాడో పోయింది, పేరు మిగిలింది. స్పెయిన్ రహదారులకు దూరాలు లెక్కకట్టేది ఇక్కడి సున్నా రాయి నుంచే. ఎలుగుబంటి ఒక చెట్టును పట్టుకుని నిలబడిన విగ్రహం నగర చిహ్నం. అక్కడినుంచి అయిదు నిమిషాలు నడిస్తే 1619లో పూర్తి అయిన ప్లాసా మయోర్ అనే పెద్ద చౌకు. నాలుగువైపులా ఒకే వరుస మేడలు, కింద స్తంభాల వసారాలు. ఒకప్పుడు పట్టాభిషేక వుత్సవాలూ, ఎద్దుల పోటీలూ, మతవిచారణలూ అన్నీ యిక్కడే జరిగాయి. మేము వెళ్లినప్పుడు పిల్లలు బంతి ఆడుకుంటున్నారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని గనుక కవుల పేట వెతుక్కుంటూ వెళ్లాను. డాన్ క్విక్సోట్ వ్రాసిన సెర్వాంటెస్ 1616లో కన్నుమూసింది ఈ నగరంలోనే. ఆయన సమకాలికుడు, నాటకకర్త లోపే దె వేగా. ఇద్దరికీ బొత్తిగా పడేది కాదు. కాలం చేసిన తమాషా చూడండి: సెర్వాంటెస్‌ను పాతిపెట్టిన మఠం వున్నది లోపే దె వేగా వీధిలో; లోపే దె వేగా నివసించిన యిల్లు వున్నది సెర్వాంటెస్ వీధిలో! బ్రతికుండగా కలవనివాళ్లను మునిసిపాలిటీవారు పక్కపక్కనే కూర్చోబెట్టారు.

శాకాహారులకు అక్కడ కొంచెం కష్టమే. దుకాణాలలో ఎండబెట్టిన పంది తొడలు సొరకాయల్లా వేలాడుతూ వుంటాయి. తలవంచుకుని దాటిపోవలసిందే. అయితే టమాటో పులిమిన రొట్టె వున్నది. పోపులేని టమాటో చారును మంచులో పెట్టి చల్లబరచినట్లుండే గస్పాచో వున్నది. రాత్రి పొద్దుపోయాక అందరూ తినే చూర్రోస్ మాత్రం మనకు చుట్టమే. జంతికల గొట్టంలోంచి వత్తినట్లు పిండిని నూనెలోకి వత్తి వేయిస్తారు. చిక్కని వేడి చాక్లెట్టులో ముంచుకు తింటారు. మావారు మూడుసార్లు తెప్పించుకున్నారు.

రెండవ సాయంకాలం ప్రాదో చిత్రశాలకు. 1819లో తెరిచిన ఈ చిత్రశాలలో సోమవారం మొదలు శనివారం వరకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ప్రవేశం వుచితం. ఆదివారం అయిదు నుంచి ఏడు వరకు. వున్నవన్నీ చూడాలంటే రెండు గంటలు కాదుగదా రెండు వారాలు చాలవు. మేము రెండే చూద్దామనుకున్నాము.

మొదటిది వెలాజ్క్వెజ్ 1656లో చిత్రించిన లాస్ మెనీనాస్. అయిదేళ్ల రాజకుమారి, చెలికత్తెలు, మరుగుజ్జులు, కునుకుతున్న కుక్క, కుంచె పట్టుకుని చిత్రకారుడు. అందరూ మనవైపే చూస్తున్నట్లుంటారు. ఎందుకో మొదట అంతుపట్టదు. గది వెనుక గోడకు చిన్న అద్దం, అందులో రాజూ రాణీ కనిపించాక అర్థమవుతుంది: ఇప్పుడు మనం నిలుచున్న చోటనే వారు నిలుచున్నారన్నమాట!

1734లో పాత రాజభవనం తగలబడినప్పుడు ఈ బొమ్మ ఆ మంటల్లోంచి బయటపడింది. 1936లో అంతర్యుద్ధం వచ్చి నగరం మీద బాంబులు పడుతుంటే, దీన్నీ మిగతా గొప్ప చిత్రాలనూ లారీలకెక్కించి వెలెన్సియాకు, అక్కడినుంచి కెటలోనియాకు, చివరకు 1939లో జెనీవాకు చేర్చారు. దారిలో గోయా చిత్రాలు దెబ్బతిన్నాయి. ఆ యేడే అన్నీ తిరిగి వచ్చాయి. ఆకలితో వున్న నగరం తన బొమ్మలను కాపాడుకున్న కథ అది.

రెండవది ఆ గోయా గీసినదే. 1808 మే 2న మాడ్రిడ్ ప్రజలు నెపోలియన్ సైన్యం మీద తిరగబడ్డారు. ఆ రాత్రీ, తెల్లవారేలోగానూ, పట్టుబడినవారిని వూరి అంచున కొండపక్కన నిలబెట్టి కాల్చివేశారు. ఆరేళ్ల తరువాత గోయా దాన్ని చిత్రించాడు. నేలమీద లాంతరు, తెల్లచొక్కా మనిషి రెండు చేతులూ పైకెత్తి వుంటాడు. కాల్చేవాళ్ల ముఖాలు మాత్రం కనిపించవు.

అదేరోజు వుదయం రెయీనా సోఫియా చిత్రశాలలో పికాసో వేసిన గెర్నికా చూశాము. 1937 ఏప్రిల్ 26న జర్మన్, ఇటాలియన్ విమానాలు ఒక చిన్న బాస్క్ పట్టణాన్ని బాంబులతో నేలమట్టం చేసినందుకు ఆయన ఇచ్చిన జవాబు అది. దాదాపు ఎనిమిది మీటర్ల పొడవున నలుపు, తెలుపు, బూడిదరంగు. మరో రంగు లేదు. స్వేచ్ఛ తిరిగి వచ్చేదాకా దాన్ని స్పెయిన్‌కు పంపవద్దని పికాసో షరతు పెట్టాడు. అది న్యూయార్కులో ఏళ్లతరబడి ఎదురుచూసి, 1981లో యిల్లు చేరింది. అప్పటికి పికాసో లేడు, ఫ్రాంకో లేడు. ఆ బొమ్మ ముందు నా పక్కన నిలబడిన ఒక ముసలాయన టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

మూడవరోజు పగలు రెటీరో వుద్యానంలో గడిపాము. 1868 దాకా అది రాజులది, తరువాత ప్రజలది. సాయంకాలం దేబోద్ దేవాలయానికి నడిచాము. యూరపులో ఈజిప్టు గుడి ఏమిటని అడుగుతారు. అస్వాన్ ఆనకట్ట కింద మునిగిపోతున్న పురాతన కట్టడాలను కాపాడటంలో తోడ్పడినందుకు 1968లో ఈజిప్టు ఈ రెండువేల యేళ్లు పైబడిన గుడిని స్పెయిన్‌కు బహూకరించింది. రాయి రాయి విప్పి, వోడమీద తెచ్చి, మళ్లీ పేర్చి 1972లో తెరిచారు. నాకు మన నాగార్జునకొండ కళ్లముందు నిలిచింది. సాగరం నిండకముందు మనవాళ్లు అక్కడి కట్టడాలు కొన్నింటిని ఇలాగే కొండమీదికి చేర్చారు గదా. నీళ్లకోసం చరిత్రను ఎత్తిపెట్టుకోవటం తెలిసినవాళ్లకు ఆ గుడి పరాయిదనిపించదు.

ఇంతకూ ఆ గుడి నిలిచిన కొండ ఏమిటనుకున్నారు? గోయా చిత్రంలో ప్రజలను కాల్చిన కొండ అదే! తరువాత అక్కడ సైనికుల బారకాసులు వెలిశాయి. 1936 జూలైలో వాటి దగ్గర మళ్లీ నెత్తురు ప్రవహించింది. ఇప్పుడు ఆ గట్టుమీద వూరువూరంతా వచ్చి కూర్చుంటుంది. చంకలో పిల్లలున్న తల్లులు, చేతికర్రల తాతలు, గిటారు వాయించే కుర్రవాళ్లు అందరూ పడమర తిరిగి, దూరపు కొండల వెనుక సూర్యుడు దిగేదాకా కదలరు. తొమ్మిదీ ముప్పావు అయింది. ఒక్కరికీ తొందర లేదు.

ఇరవైరెండింటిలో తొమ్మిది చూశాము. మా మరదలు ఏమన్నా అనుకోనివ్వండి, మీరు వెడితే తొమ్మిదితోనే సరిపెట్టుకోండి. మధ్యాహ్నం హాయిగా నిద్రపోండి. రెండవనాడు ప్రాదోలో గోయా బొమ్మ ముందు నిలబడండి. మూడవనాడు ఆ కొండమీద ఆ జనంతోపాటు కూర్చోండి. ఆ వరుస మాత్రం తప్పకండి.