మంగళవారం ఫజర్ తర్వాత



ముందే ఒప్పేసుకుంటున్నా. నాకు ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, ఒక బిడ్డకు అమ్మీని, అయినా ప్రతి మంగళవారం ఫజర్ నమాజ్ కాగానే జానిమాజ్ మడిచి పెట్టి రెజ్లింగ్ చూస్తాను. అమెరికాలో సోమవారం రాత్రి ఎనిమిదికి మొదలయ్యే 'రా' మనకు తెల్లారి ఐదున్నరకు వస్తుంది, అక్కడ చలికాలమైతే ఆరున్నరకు. ఇంట్లో అందరూ పడుకునుంటారు. సౌండ్ బాగా తగ్గించి నేనూ, మా ఏడేళ్లవాడూ ఒకే దుప్పట్లో కూర్చుంటాం. మా అత్తమ్మకు ఈ షౌక్ అస్సలు నచ్చదు. "తౌబా తౌబా, పొద్దున్నే ఈ బట్టల్లేని మనుషులేంటమ్మా" అంటారు. ఆమె మాటలో గలత్ ఏమీ లేదు, నా దగ్గర జవాబూ లేదు.

2024 మార్చి 12న మనకు మొదటి రోజా. మంగళవారమే. సెహ్రీ అయింది, నమాజ్ అయింది. ఈసారి రమజాన్‌లో టీవీ బంద్ అని ముందురోజు రాత్రే నియ్యత్ చేసుకున్నాను. ఐదున్నరకు మావాడు వచ్చి రిమోట్ నా చేతిలో పెట్టాడు. నా నియ్యత్ బలం అంతే.

ఆ రోజు గాంట్‌లెట్ మ్యాచ్. ఇద్దరు తలపడతారు, ఓడినవాడు పోతాడు, గెలిచినవాడి మీదకు ఇంకొకడు వస్తాడు. అలా ఆరుగురు. చివరికి మిగిలినవాడు రెజిల్‌మేనియాలో గుంథర్‌తో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ కోసం పోరాడాలి. గుంథర్ అంటే ఆస్ట్రియా నుంచి వచ్చిన కొండ. అరచేత్తో ఛాతీ మీద కొడితే ఆ చప్పుడుకు మా ఇంట్లో పిల్లి లేచి పోతుంది. బెల్టు 2022 జూన్ నుంచి అతని దగ్గరే ఉంది. ఆ పొద్దున చాడ్ గేబుల్‌ను ఓడించి చివరికి మిగిలింది సామి జేన్. ఎర్ర గడ్డం, అలసిపోయిన కళ్లు, పక్క వీధి మెకానిక్ భాయ్‌లా మామూలు ఒళ్లు. నేను సోఫా మీద నుంచి లేచిపోయాను. అరవడానికి లేదు, అత్తమ్మ పడుకున్నారు. దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

వెంటనే రియాద్‌లో ఉన్న మా భాయ్‌కి మెసేజ్ పెట్టాను. "సామి గెలిచాడు!" అక్కడ వాళ్లకు అప్పటికే రెండో రోజా, సెహ్రీకి లేచే ఉంటాడు. జవాబొచ్చింది. "ఎవరు?"

నిజంగానే భాయ్‌కి తెలియదు. పంతొమ్మిదేళ్లుగా వాడు రెజ్లింగ్ చూడలేదు. ఒకప్పుడు నాకు నేర్పిందే వాడు.

2005లో కర్నూలులో మా ఇంట్లో కేబుల్ ఉండేది, టెన్ స్పోర్ట్స్ వచ్చేది. భాయ్‌కి పదమూడు, నాకు పది. భాయ్‌కి షాన్ మైకేల్స్ అంటే జాన్. రెజ్లర్ల ట్రంప్ కార్డులు ఓ అగ్గిపెట్టెల డబ్బా నిండా ఉండేవి. ఎవరి బరువెంత, ఎత్తెంత, ఛాతీ ఎంత, అన్నీ నోటికి వచ్చు. అబ్బా మాత్రం చూసి నవ్వేవారు. ఆయన చిన్నప్పుడు తాలీంఖానాలో మట్టి పూసుకున్న మనిషి. "ఇది కుస్తీ కాదురా, నాటకం. ఎవరు గెలవాలో ముందే రాసి పెట్టుంటారు" అనేవారు. మాకూ తెలుసు అది. నాటకమని తెలిసినంత మాత్రాన ఏడుపు రాకుండా ఉంటుందా?

ఆ నాటకంలోకి 2004 డిసెంబర్‌లో ఒక కొత్త మనిషి వచ్చాడు. తలకు కెఫియా, వెనకాల అరబ్బీ రాగం. పేరు ముహమ్మద్ హసన్. పక్కన దైవారీ అని ఇంకొకడు. దైవారీ మాట్లాడేది అరబ్బీ అనుకున్నాం, "కాదు, ఫార్సీ" అని అబ్బా కనిపెట్టారు. హసన్ మైకు పట్టుకుని, సెప్టెంబర్ 11 తర్వాత అమెరికాలో తనలాంటి వాళ్లను అనుమానంగా చూస్తున్నారని చెప్పేవాడు. అతని మాట నిజమే. కానీ నాటకంలో అతను విలన్. కాబట్టి అతను నిజం చెప్పేకొద్దీ స్టేడియమంతా బూ అని అరిచేది. మంచివాడిగా మొదలుపెట్టి ఉంటే ఎలా ఉండేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మా దాదీ మూలన మంచం మీద తస్బీహ్ తిప్పుకుంటూ ఉండేవారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. టీవీ వైపు చూసేవారు కూడా కాదు. కానీ రింగ్ అనౌన్సర్ ఆ పేరు పలకగానే, "ముహమ్మద్" అనగానే, దాదీ పెదాలు వాటంతట అవే కదిలేవి. "సల్లల్లాహు అలైహి వసల్లం." అదే క్షణంలో టీవీలోంచి వేలమంది బూ.

భాయ్ సౌండ్ తగ్గించేవాడు. ఆ తర్వాతి వారం నుంచి హసన్ వచ్చే ముందే మ్యూట్ చేసేసేవాడు. దాదీకి ఎప్పుడూ తెలియలేదు.

ఆ ఏడాది మే 1న బ్యాక్‌లాష్‌లో హసన్, దైవారీ ఒకవైపు. ఎదురుగా హల్క్ హోగన్, మా భాయ్ హీరో షాన్ మైకేల్స్. భాయ్ గోడకు ఆనుకుని ఖామోష్‌గా చూశాడు. షాన్ మైకేల్స్ వైపు గెలిచింది. వాడు చప్పట్లు కొట్టలేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

వేసవి సెలవులు అయ్యాక బడి తెరిచారు. ఇంటర్వెల్‌లో పిల్లలందరూ రెజ్లింగ్ ఆడేవాళ్లు. అంతకుముందు ఏడాది భాయ్ ఎప్పుడూ షాన్ మైకేల్సే. ఆ జూన్‌లో ఎవడో "ఇంక నువ్వు హసన్" అన్నాడట. అంతే, రోజూ హసనే. హసన్ పని ఓడిపోవడమే. చుట్టూ నిలబడ్డవాళ్ల పని బూ అనడం. కొట్టిందీ తక్కువే, దెబ్బలూ తగల్లేదు, అందరూ వాడి దోస్తులే. ఓ రోజు ఇంటికొచ్చి అగ్గిపెట్టెల డబ్బా నా ఒళ్లో పెట్టాడు. "నువ్వుంచుకో." అంతకంటే ఏమీ చెప్పలేదు. బడిలో జరిగిందంతా వాడి దోస్త్ చెప్తే తెలిసింది నాకు. ట్రంప్ కార్డులు దొరికిన ఖుషీలో నేను దాని గురించి ఆలోచించలేదు కూడా, అల్లాహ్ మాఫ్ చేయాలి.

హసన్ కథ కూడా ఎక్కువ రోజులు సాగలేదు. స్మాక్‌డౌన్‌కు మారాక, 2005 జులై 7న ప్రసారమైన ఎపిసోడ్‌లో అతను మోకాళ్ల మీద కూర్చుని దువా చేస్తున్నట్టు చేస్తే, ముసుగులేసుకున్న మనుషులు వచ్చి అండర్‌టేకర్ మీద పడ్డారు. అది ముందే రికార్డు చేసింది. కానీ ప్రసారమైన రోజే లండన్‌లో బాంబులు పేలాయి. దాంతో అమెరికాలో ఆ ఛానెల్ అతన్ని ఇక తెరమీద చూపించొద్దంది. ఆ నెలాఖరులోనే కథ ముగించేశారు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, హసన్ అరబ్బు కాదు, ముసల్మాన్ కాదు. మార్క్ కొపాని, ఇటలీ మూలాలున్న అమెరికన్. తర్వాత స్కూల్ ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన మీద నాకేం నఫ్రత్ లేదు, ఇచ్చిన వేషం వేశారు. నన్ను నవ్వించేది ఇంకొకటి. సరిగ్గా అవే రోజుల్లో, చిన్న చిన్న హాళ్లలో ముఖానికి ముసుగేసుకుని ఎల్ జెనెరికో అనే పేరుతో మెక్సికన్ వేషంలో కుస్తీ చేస్తున్న ఒక కెనడా కుర్రాడున్నాడు. సిరియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కొడుకు, అసలైన ముసల్మాన్. అతనే ఇప్పటి సామి జేన్. ఇటలీవాళ్లబ్బాయి అరబ్బు అయ్యాడు, అరబ్బులబ్బాయి మెక్సికన్ అయ్యాడు. సుబ్హానల్లాహ్, ఇంత నాటకం అబ్బా కూడా ఊహించి ఉండరు.

ఇదంతా ఆ మొదటి రోజా నాడే భాయ్‌కి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. 2017లో సామి సిరియా వాళ్ల కోసం చందాలు పోగుచేసి సంచార వైద్యశాల నడిపించిన సంగతి, 2023లో జెద్దా రింగ్‌లో అరబ్బీలో మాట్లాడిన సంగతి కూడా. భాయ్ విన్నట్టు నీలి టిక్కులొచ్చాయి. జవాబు రాలేదు.

ఆ తర్వాతి మంగళవారం, సరిగ్గా మూడు గంటలకు, అంటే మనకు ఐదున్నరకు, వాడి మెసేజ్. "మొదలైందా?"

రమజాన్ అంతా అలాగే నడిచింది. ఓడిన గేబులే సామికి ఉస్తాద్ అయ్యాడు, గుంథర్‌ను ఎలా పడగొట్టాలో వారం వారం నేర్పాడు. గుంథర్ మాత్రం వీడెంత అన్నట్టు చూస్తూనే ఉన్నాడు. పదమూడేళ్ల వాడిలా భాయ్ టైప్ చేసేవాడు. "గేబుల్ మోసం చేస్తాడు చూడు." చేయలేదు, కనీసం అప్పటికి.

ఏప్రిల్ 6 రాత్రి మనకు షబ్-ఎ-ఖద్ర్. రాత్రంతా మేలుకున్నాం. నా దువాలో సామి జేన్ లేడు, అంత తెగించలేదు. సెహ్రీ టైములోనే ఫిలడెల్ఫియాలో రెజిల్‌మేనియా మొదలైంది. మా మ్యాచ్ వచ్చేసరికి పొద్దెక్కింది, కళ్లు మండుతున్నాయి. గుంథర్ కొట్టిన ప్రతి దెబ్బకూ సామి ఛాతీ ఎర్రబడుతోంది. ముందు వరుసలో అతని భార్య. ఆమె వైపు చూసి మరీ కొట్టాడు గుంథర్. ఇక లేవడనుకున్నాను. లేచాడు. పరుగెత్తుకొచ్చి మూలలో ఉన్న గుంథర్ మొహం మీద తన్నాడు. మొహం మీద కొట్టడం మన దీన్‌లో మనా అని తెలుసు, ఆ నిమిషం గుర్తు రాలేదు. ఒకటి, రెండు, మూడు. 666 రోజుల బెల్టు చేతులు మారింది. నేను అరిచాను. అత్తమ్మ లేచి వచ్చారు. "ఎవరైనా పోయారా?"

ఫోన్ మోగింది. భాయ్. మెసేజ్ కాదు, కాల్. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాడు ముసల్మాన్ అని టీవీలో చెప్పారా?" అని అడిగాడు.

"లేదు. ఎవరూ అనలేదు."

"అచ్ఛా." కాసేపాగి, "మీవాడు బడిలో రెజ్లింగ్ ఆడతాడా?"

"రోజూ."

"ఎవరు వాడు? సామినా?"

ఫోన్ మావాడికిచ్చాను. వాడు ఠక్కున చెప్పాడు. "నేను గుంథర్, మామూ. సామి ఎక్కువసార్లు ఓడిపోతాడు."

అవతల నుంచి భాయ్ నవ్వు వినిపించింది. చాలా గట్టిగా.