చలికాలపు ఏరు

మార్గశిరం. పొద్దున ఏడు దాటినా పలమనేరు మీద మంచు విడవలేదు. బస్టాండు దగ్గర టీ తాగుతూ, "కైగల్లో నీళ్లు పారతా ఉండాయా నా?" అని అడిగాను. కొట్టాయన గ్లాసులు కడుగుతూనే, "చెరువులు మొరవ పోతా ఉండాయి కదా సామీ, అదెందుకు పారదు?" అన్నాడు. నేనడిగింది జలపాతం సంగతి, ఆయన చెప్పింది చెరువుల సంగతి. ఆ జవాబు పట్టుకునే బయల్దేరాను.

తెలుగు నేల మీద చాలా జలపాతాలకు వానాకాలమే పండగ. కుంటాల, బొగత ఆషాఢ శ్రావణాల్లో విరుచుకుపడి, సంక్రాంతికల్లా సన్నబడిపోతాయి. చిత్తూరు సీమ లెక్క వేరు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువంతా దించుకుని, ఇక్కడికొచ్చేసరికి తేలికైపోయి ఉంటుంది. మా చెరువులు ఎదురుచూసేది ఈశాన్యపు వానల కోసం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. అవి నెల్లూరుకూ చెన్నైకీ నడుమ ఎక్కడో తీరం దాటితే, ఆ మబ్బు చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి ఈ మెట్ట మీద కురుస్తుంది. అందుకే 270 అడుగుల తలకోన మొదలుకొని కైలాసకోన, ఉబ్బలమడుగు, కైగల్ దాకా ఇక్కడి జలపాతాలన్నీ జనం దుప్పట్లు కప్పుకునే వేళకు నిద్ర లేస్తాయి.

పలమనేరు సముద్రమట్టానికి సుమారు 2,200 అడుగుల ఎత్తున ఉంది. నీలగిరులకు దారి పడకముందు మద్రాసు దొరలు ఎండాకాలం గడపడానికి ఇక్కడికే వచ్చేవారట. ఊరిని ఆనుకుని పారేది కౌండిన్య. ఏడాదిలో చాలా నెలలు ఇసుకా తుమ్మచెట్లే కనిపించే ఈ ఏరు, 2021 నవంబరు వానల్లో రోడ్లను ముంచింది. కైగల్ దీనికి చెల్లెలి వరస. పుట్టిళ్లు వేరైనా ఇద్దరూ చేరే అత్తగారిల్లు ఒకటే, పాలారు.

కుప్పం వైపు దారి పట్టాను. రెండు పక్కలా టమాటా తోటలు, పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీ, కోతకొచ్చిన రాగి. మధ్యమధ్య చెరువులు. ఈ సీమలో చెరువు ఒంటరిగా ఉండదు. పైచెరువు నిండితే నీళ్లు మొరవ దాటి వంకలో పడతాయి, వంక ఇంకో చెరువుకు చేరుస్తుంది, అది నిండితే మరో మొరవ. ఒకదాని ఎంగిలి ఇంకొకటి తాగుతూ పోగా, చివరికి మిగిలిందే ఏరు. జలపాతమంటే ఈ దారిలో చెరువులన్నీ 'ఇక చాలు' అన్న నీళ్లు. ఒక్క చెరువైనా ఆకలితో ఉంటే కింద రాయి తడవదు. టీకొట్టాయన జవాబు అర్థం అదే.

హంద్రీనీవా కుప్పం కాలువ కూడా ఈ సీమ మీదుగానే పోతుంది. శ్రీశైలం నుంచి ఎత్తిపోతలతో వచ్చిన కృష్ణా నీళ్లు 2025 ఆగస్టులో కుప్పం దగ్గరి పరమసముద్రం చెరువు చేరాయి. అది ఎక్కడో మహాబలేశ్వరంలో పడిన శ్రావణపు వాన. కైగల్‌కు చేరేది బంగాళాఖాతం పంపిన కార్తీకపు వాన. ఒకే మెట్ట మీద ఇప్పుడు రెండు పంచాంగాలు నడుస్తున్నాయి.

ముప్ఫై కిలోమీటర్లు నిండకముందే బైరెడ్డిపల్లె మండలంలో కైగల్ వస్తుంది. రోడ్డు దిగి కొంచెం నడిస్తే ముందు చప్పుడే ఎదురొస్తుంది. నీళ్లు పడుతుంటే రాళ్లు దుమికినట్టు వినబడుతుందని ఈ జలపాతానికి దుముకురాళ్లని పేరు. ఎత్తు 40 అడుగులే. తలకోన చూసి వచ్చినవాళ్లకు ఇది పిల్లదనిపిస్తుంది. నేను కింద మడుగుల వైపు పోకుండా ముందు పైకి వెళ్లాను.

అంచు దగ్గర నీరు వెంటనే దూకదు. బండలో గుండ్రటి గుంత ఒకటి ఉంది, అచ్చం రుబ్బురోలు. నీటితో కొట్టుకొచ్చిన గులకరాళ్లు అందులో చిక్కుకుని, పొత్రంలా తిరిగి తిరిగి రాతిని తొలిచేశాయి. తుపాను నాటి ఎర్రనీరు తేరిపోయి, ఇప్పుడు పలచటి డికాషను రంగులో ఉంది. ఒక కానుగాకు కొట్టుకొచ్చి ఆ గుంతలో పడింది. మూడు చుట్లు తిరిగింది, నాలుగో చుట్టు సగంలో అంచు మీదికి జారి మాయమైంది. ఎక్కడ పడిందో చూద్దామని వంగి, పాచి మీద కాలేశాను. మోకాలు చీరుకుపోయింది. మేకలు కాస్తున్న పెద్దాయన ఒకరు చెయ్యిచ్చి లేపి, "తడిరాయిని నమ్మొద్దు సామీ, ఎండిన రాయి మింద పెట్టు కాలు" అన్నాడు. ఆ మాటకు ఇంకో మాట కలిపాడు: "మూడు దాటితే ఈడ ఉండొద్దు. గుంపు ఈ పక్కకే దిగిందంట."

గుంపంటే ఇక్కడ ఒకటే అర్థం, ఏనుగులు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఇటు దిగాయి. చాలా తరాలుగా ఏనుగు ముఖం చూడని పల్లెలకు అదొక వింత, ఆ తర్వాత అదొక బెంగ. 1990లో దాదాపు 358 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యానికి ఏటి పేరు పెట్టడంలో న్యాయముంది. ఏనుగు నడిచేది నీళ్ల జాడ పట్టుకునే కదా. కాని రాగి కంకి తీపి తెలిసిన ఏనుగుకు హద్దురాళ్లు ఆనవు. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు కట్టారు. అడవి గుంపులను మళ్లించడానికి తర్ఫీదు ఇచ్చిన ఏనుగులను కుంకీలంటారు. 2025 మేలో కర్ణాటక ఇచ్చిన నాలుగు కుంకీ ఏనుగులను పలమనేరు దగ్గరి ముసలిమడుగు శిబిరంలో పెట్టారు. అయినా పంట చేతికొచ్చే రాత్రుల్లో రైతు చేను గట్టున చలిమంట వేసుకుని, టపాకాయలు పక్కన పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఏరు పారితేనే రాగి పండుతుంది. ఆ రాగి కోసమే గుంపూ దిగుతుంది. తెచ్చిన సంబరంతో పాటు భయాన్నీ ఒకే మూటలో కట్టి తెస్తుంది ఈ చలికాలం.

మూడు కాకముందే బయటపడ్డాను. అడవిలో ఏటి వెంట పోయే ధైర్యం లేక, మరునాడు బస్సులో కిందికి దిగి, తమిళనాడులోని గుడియాత్తంలో మళ్లీ కౌండిన్య నీళ్లను కలుసుకున్నాను. సరిహద్దు దాటగానే కౌండిన్యను మోర్దానా ఆనకట్ట ఆపుతుంది. అక్కడ నిండి పొర్లితేనే గుడియాత్తం ఊరి నడుమ ఏరు కనిపిస్తుంది. అటుపైన పాలారు. నంది కొండల్లో పుట్టి కర్ణాటకలో 93, ఆంధ్రలో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు నడిచి కల్పాక్కం దాపున వాయలూరు దగ్గర సముద్రంలో కలిసే నది. పేరుకు పాల ఏరే గాని, దాని వెడల్పాటి పడకలో చాలా ఏళ్లు ఇసుకే పారుతుంది. నీళ్లు తక్కువైన చోట కాగితాలు ఎక్కువవుతాయి. 1892లో మద్రాసు, మైసూరు చేసుకున్న ఒప్పందంలో ఈ నది పేరుంది. కుప్పం దగ్గర గణేశపురంలో ఆంధ్ర ఆనకట్ట తలపెడితే, తమిళనాడు 2006లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

గుడియాత్తంలో టిఫిను చేసిన హోటల్లో ముసలాయన నా మాట పట్టి తెలుగులోనే పలకరించాడు. "ఏ ఊరు మీది?" పలమనేరన్నాను. ఇడ్లీ వడ్డిస్తున్న చెయ్యి ఆగింది. "మీ పైన వానలెట్లుండాయి?"

కోర్టు మాటా కాదు, ఒప్పందం మాటా కాదు. నిన్న నేను టీకొట్టులో అడిగిన ప్రశ్నే అది. కొంచెం దిగువకు జారి ఇక్కడ ఎదురైంది. చెరువులు మొరవ పోతున్నాయని చెప్పాను. ఆయన తలూపి, అడక్కుండానే ఇంకో గరిటె సాంబారు పోశాడు.