విప్పి చూసే జబ్బు

లోకంలో కొందరికి ఒక జబ్బు ఉంటుంది. చేతికి ఏ వస్తువు దొరికినా దాన్ని వాడుకుని ఊరుకోరు, విప్పి చూస్తారు. గడియారం, రేడియో, కుట్టుమిషను, ఆఖరికి పెళ్ళిలో అత్తవారిచ్చిన టార్చిలైటు కూడా వాళ్ళ చేతిలో వారం రోజులు మూతతో బతకదు. “పనిచేస్తున్నదాన్ని ఎందుకురా కెలుకుతావు?” అని తల్లులూ, “బిగించాక ఈ రెండు మరలు మిగిలాయేం?” అని భార్యలూ అడుగుతూనే ఉంటారు. మిగిలిన మరలకు ఇంతవరకు ఏ శాస్త్రమూ సమాధానం చెప్పలేదు.

ఈ జబ్బు మా పాతబస్తీ గాలిలోనే ఉందని నా అనుమానం. చార్మినారుకి గడియారాలు పెట్టింది 1889లో. దానికి కూతవేటు దూరంలో మహబూబ్ చౌక్ గడియార స్తంభం లేచింది 1892లో. గడియారం ఉన్నచోట దాన్ని విప్పేవాడూ ఉండాలి కదా! కంటికి భూతద్దం తగిలించుకుని, బీరువా అరంత దుకాణంలో మఠం వేసుకుని కూర్చునే ఘడీసాజ్‌లను ఈ వీధుల్లో నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. అందులో ఒక సాహెబుగారికి నా గడియారం ఇచ్చి, “ఏమైంది దీనికి?” అని అడిగితే ఆయన నావంక జాలిగా చూసి, “ఖోలే బగైర్ కైసా మాలూమ్ హోతా సాబ్?” అన్నారు. విప్పకుండా ఎట్లా తెలుస్తుంది బాబూ అని. ఉపనిషత్తుల్లో చేర్చదగిన వాక్యం.

ఈ కాలపు వస్తువులతో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, వాటికి మూత ఉంటుంది గాని మర ఉండదు. జిగురుతో అతికించి పంపిస్తారు. పనిచేసినన్నాళ్ళు వాడుకో, ఆగిపోతే పారేసి ఇంకోటి కొనుక్కో. లోపల ఏముందని మాత్రం అడక్కు!

మా ఇంట్లో 2011లో కొన్న కంప్యూటరు ఒకటి ఉండేది. మావాడు ఉద్యోగానికి పై ఊరు వెళ్తూ నాకు వదిలిపోయాడు. కొన్నాళ్ళకు అందులో ఉన్న వ్యవస్థను తయారుచేసిన కంపెనీవారు, దానితో తమ రుణం తీరిపోయిందనీ, కొత్త వ్యవస్థ కావాలంటే కొత్త యంత్రం కొనుక్కోవాలనీ సెలవిచ్చారు. మా ఆవిడ దానికి పాత చీర ముక్క కప్పి, పైన ఆవకాయ జాడీ పెట్టింది. ఇక మిగిలింది కబాడీవాడి కేక వినపడడమే.

ఆ కేక వినపడ్డ రోజునే మా గౌలిపురా ఇంట్లో కింది వాటాలో ఉండే ఆటో డ్రైవరుగారి అమ్మాయి పైకొచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం. కంప్యూటరు చదువే, కానీ ఇంట్లో కంప్యూటరు లేదు. కాలేజీలో వారానికి రెండు గంటలు, అదీ ఒక యంత్రం ముందు ముగ్గురు. ఈత నేర్చుకోవాలనుకున్నవాడికి వారానికి రెండు చెంబుల నీళ్ళు పోసినట్టన్నమాట.

“తాతా, గా డబ్బా కబాడీకెందుకు? నాకిస్తవా?” అంది.

“అది చచ్చింది కదమ్మా?”

“డబ్బా సావలే తాతా. అండ్ల ఉన్నదే సచ్చింది” అని, గుప్పిట్లోంచి చిటికెనవేలంత పెన్‌డ్రైవు తీసింది. అందులో డెబియన్ అనే వ్యవస్థ ఉంది. లినక్సు వంశంలో పెద్ద శాఖ, 1993లో పుట్టింది. ఖరీదు ఎంత అని అడిగితే సున్నా అంది. నేను నమ్మలేదు. ఊరికే వచ్చే మందు రోగానికి పనిచేయదని మా నాన్నగారు అంటుండేవారు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ళ విద్యార్థి, కొత్తగా కొన్న తన కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో తెలుసుకుందామని కెలకడం మొదలుపెట్టాడు. అదే జబ్బు! ఆ ఆగస్టు 25న, సరదాకి ఒక వ్యవస్థ రాస్తున్నానని లోకానికి చెప్పాడు. తొలిరూపం పదివేల పంక్తుల పైచిలుకు. ఇప్పుడది మూడు కోట్ల పంక్తులు దాటింది. 1591లో కట్టిన మన చార్మినారు సరిగ్గా నాలుగు వందల ఏళ్ళు నిండించుకున్న సంవత్సరంలోనే లినక్సు పుట్టిందన్నమాట. ఈ రెండింటికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. కానీ నాకు బాగుంది.

అంతకుముందే అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన వేరే దారిలో ఇదే మాటకు వచ్చాడు. తన ప్రయోగశాలలో ప్రింటరు ఒకటి మాటిమాటికీ మొరాయిస్తుంటే, దాన్ని నడిపే రాత ఇస్తే బాగుచేసుకుంటానన్నాడు. ఇవ్వమన్నారు. ఆ మంట చల్లారలేదు. 1983లో గ్నూ అనే పథకం ప్రకటించాడు. దాని ధర్మసూత్రం తేలిక. వాడుకో, విప్పి చూడు, మార్చుకో, పదిమందికి పంచిపెట్టు. 1992లో టోర్వాల్డ్స్ కూడా తన లినక్సుని ఆ షరతుల కిందికే తెచ్చాడు. మన ఘడీసాజ్ సాహెబు మాటనే ఆయన లాయరు భాషలో రాయించాడని నేననుకుంటాను.

సరే, అమ్మాయి పెన్‌డ్రైవు గుచ్చింది. తెరమీద భాషల పట్టిక వచ్చింది. అందులో తెలుగు ఉంది! గంట తిరక్కుండా, చచ్చిందనుకున్న యంత్రం లేచి కూర్చుంది. ఆవకాయ జాడీకి వేరే చోటు వెతకాల్సి వచ్చింది.

మామూలువాళ్ళైతే అక్కడితో సినిమాలు చూసుకుంటారు. ఈ పిల్ల నల్లటి తెర ఒకటి తెరిచి, ఆజ్ఞలు టైపు చేస్తూ లోపలికి దిగింది. సాయంత్రంపూట టీ గ్లాసు పట్టుకుని నేనూ పక్కన చేరేవాణ్ణి. ఆ లోకం చూశాక, ఇది పరాయి శాస్త్రమన్న భయం నాకు పోయింది. అచ్చంగా మన ఇళ్ళలాగే ఉంది.

నడిమధ్యన కెర్నల్ అని ఒకటుంటుంది. మాటకర్థం గింజలోని పప్పు. పెళ్ళింట్లో వంటవాళ్ళకీ, బాజాలవాళ్ళకీ, పురోహితుడికీ ఎవరి వంతు ఎప్పుడో చెప్పి, పొయ్యి దగ్గర కొట్టుకోకుండా చూసే పెద్దమనిషి ఉంటాడే, అది కెర్నల్. యంత్రంలో నడిచే ప్రతి పనికీ ఒక నంబరు. ప్రతి పనికీ కన్నతండ్రిలాంటి మరో పని. అందరికీ మూలపురుషుడు ఒకటో నంబరు. తండ్రి ముందు పోతే పిల్లలు అనాథలవుతారు. వాళ్ళను సాధారణంగా ఆ ఒకటో నంబరే దత్తత తీసుకుంటుంది. పిల్లవాడు ముందు పోయి, ఆ కబురు తండ్రి అందుకోకపోతే? ఆ పిల్లవాడు పనీపాటా లేకుండా పట్టికలో పేరు మాత్రం మిగిల్చుకుని తిరుగుతాడు. వాణ్ణి జాంబీ అంటారట. కర్మకాండ జరగని ప్రేతమని మనవాళ్ళు ఏనాడో చెప్పారు! ఆ తండ్రి కూడా పోయాక ఒకటో నంబరు వచ్చి, ఆ కాస్త కర్మ జరిపించి, ప్రేతానికి విముక్తి కలిగిస్తుంది.

అనుమతుల సంగతీ అంతే. ప్రతి దస్త్రానికీ మూడు వర్గాల మనుషులు: సొంతదారు, అతని గుంపు, మిగతా జనం. ఒక్కొక్కరికీ చదవడం, రాయడం, నడపడం అని మూడేసి హక్కులు. పాత దేవిడీల్లో వీధిలోవాళ్ళు ఎందాకా రావచ్చు, మర్దానాలో ఎవరు కూర్చోవచ్చు, జనానా గడప ఎవరు దాటవచ్చు అని కట్టుబాటు ఉండేది చూడండి, అలాగ. అన్ని గదుల తాళాలూ ఉన్నవాడి పేరు రూట్. ఆ తాళంచెవులు ఎప్పుడూ బొడ్లో దోపుకుని తిరగకూడదని, అవసరమైనప్పుడే అడిగి పుచ్చుకోవాలని అమ్మాయి నాకు పాఠం చెప్పింది.

ప్రాక్ అనే గది మరీ విచిత్రం. అందులోని దస్త్రాలు చాలావాటి పక్కన సైజు సున్నా అని ఉంటుంది. తెరిస్తే పేజీలకు పేజీలు! అవి డిస్కు మీద ఎక్కడా లేవు. మనం అడిగిన క్షణంలో కెర్నల్ అప్పటికప్పుడు రాసి చూపిస్తుంది. ద్రౌపది అక్షయపాత్రనే కడిగి బోర్లించినట్టుంటుంది, చెయ్యిపెడితే అన్నం.

ఒకరోజు ఇంకో సరదా జరిగింది. యెస్ అని ఒక ఆజ్ఞ ఉంది. దాని పనల్లా, ఆపేదాకా తెరనిండా అవునన్నట్టు ‘వై’ అక్షరం కొడుతూ పోవడం. అమ్మాయి దాని మూలరాత తెప్పించింది. అందులో ఆ ఒక్క అక్షరం తీసి, మా హైదరాబాదీ ‘హౌ’ పెట్టి, మళ్ళీ కూర్చి నడిపింది. తెరనిండా హౌ, హౌ, హౌ, హౌ! కింద నుంచి వాళ్ళమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. ఎవరో పరదేశి రాసిన రాతలో గౌలిపురా పిల్ల తన వీధి మాట పెట్టింది. కోర్టులేదు, కేసులేదు. అలా చేసుకోమనే ఆ రాతని వదిలారు.

ఇదంతా ఆట. అసలు పరీక్ష ఆషాఢంలో వచ్చింది. మర్నాడు పొద్దున ఆమె కాలేజీలో రికార్డు ఒప్పజెప్పాలి. అదంతా ఆ పెట్టెలోనే ఉంది. ఆ మధ్యాహ్నమే, టకటకమని శబ్దం చేస్తున్న రెండో డిస్కుని ఆమె ఊడదీసింది. రాత్రి తొమ్మిదింటికి మీట నొక్కితే యంత్రం లేవలేదు. ఒక నిమిషం ముప్ఫై సెకన్లు దేనికోసమో ఎదురుచూసి, నల్లతెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క చెప్పి ఆగిపోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి, “నేను ముందే చెప్పిన గద సార్, కబాడీ డబ్బాతోని చదువేందని” అన్నాడు. అందులో కోపం లేదు, దిగులుంది. ఆ నెల ఫీజు ఎలా కట్టాడో నాకు తెలుసు. నేనైతే ఆ పూటకి దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి. పిల్ల మాత్రం కళ్ళు తుడుచుకుని, తెరమీద పంక్తులు పైనుంచి కిందికి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.

అదే ఈ వ్యవస్థలో గొప్ప. ఆగిపోతే ఎందుకు ఆగిందో దాచుకోదు. రాసి పెడుతుంది.

ఇరవై నిమిషాలకు దొరికింది. ఈ వ్యవస్థలో ఎట్సీ అని ఒక గది ఉంది. మాటకర్థం ‘వగైరా’. పేరు వగైరా గాని, ఇంటి కట్టుబాట్లన్నీ అందులోనే ఉంటాయి, ఎవరైనా చదివేలా మామూలు రాతలో. అక్కడ డిస్కుల జాబితా ఒకటుంది. ఊడదీసిన డిస్కు పేరు ఇంకా ఆ జాబితాలోనే ఉంది. యంత్రం ఏం చేసిందయ్యా అంటే, పిలుపుల జాబితాలో ఉన్న మేనమామ ఇంకా రాలేదు, ఆయన రాందే తాళి కట్టించనని పెళ్ళి ఆపేసి కూర్చుంది! ఛత్తా బజారులో శుభలేఖలు అచ్చువేసేవాళ్ళకి చెబితే వెంటనే అర్థమవుతుంది.

అమ్మాయి ఆ పంక్తి ముందు హ్యాష్ గుర్తు ఒకటి పెట్టింది. ఆ గుర్తు ఉన్న పంక్తిని యంత్రం చదవదు. మీట నొక్కింది. మేనమామ లేకుండానే ముహూర్తం జరిగిపోయింది. రికార్డు క్షేమం. తర్వాత గ్రంథం తిరగేస్తే, జాబితాలో పేరు పక్కన ‘నోఫెయిల్’ అని ఒక మాట చేర్చవచ్చని తెలిసింది. అంటే, వస్తే సంతోషం, రాకపోతే పెళ్ళి ఆపొద్దు అని. మన శుభలేఖల్లో కూడా ఈ సదుపాయం ఉంటే ఎన్ని అలకలు తప్పేవో!

వాళ్ళ నాన్న ఇదంతా నిలబడే చూశాడు. ఆయన తన ఆటో ఇంజను తనే విప్పుకునే మనిషి. కిందికి దిగుతూ, “ఇంజను సమజైతే బండి నడిరోడ్డు మీద ఆగినా డర్ ఉండది సార్” అన్నాడు. నేను ఇన్ని పేజీల్లో చెప్పబోయింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. మన జేబుల్లోని ఆండ్రాయిడు ఫోన్లలోనూ లోపల ఉన్నది లినక్సు కెర్నలే. ప్రపంచంలోని అతి పెద్ద 500 సూపర్ కంప్యూటర్లూ 2017 చివరినుంచి దానిమీదే నడుస్తున్నాయి. అయినా ఫోను మాత్రం మనల్ని లోపలికి రానివ్వదు. అది ఆగితే మనకు భయం. ఆ పిల్లకి ఆ పాత పెట్టె ఆగితే భయం లేదు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఈ వ్యవస్థ మెనూల్లో తెలుగు చూశాను. ఫైలుకి ‘దస్త్రం’ అని ఉంది. క్యాన్సిలుకి ‘రద్దుచేయి’ అని ఉంది. రెండూ మా పాతబస్తీ కచేరీల్లో నలిగిన మాటలే. వీటిని ఏ సర్కారూ శాసించలేదు. తెలుగు తెరమీద తెలుగులా ఉండాలని పట్టుబట్టినవాళ్ళు కూర్చుని రాశారు. హైదరాబాదులోనే 2005లో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ ఈ పని మీద చాలా శ్రమపడింది. నచ్చని మాట ఉంటే మార్చి పంపమని పిలుపు ఇప్పటికీ ఉంది. మా అమ్మాయి నోటుబుక్కులో అలాంటి మాటల జాబితా పెరుగుతోంది. నేను అందులో సలహాదారుణ్ణి, జీతం లేదు.

ఈలోగా గల్లీలో ఆమె పేరు పాకిపోయింది. అటకల మీది పెట్టెలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. నిన్న మా ఆవిడ కూడా ఊరుకోలేక, ఆర్నెల్లుగా మూలపడ్డ మిక్సీ తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టింది.

“నాకు మిక్సీలు రావు అమ్మమ్మా” అంటూనే, స్క్రూడ్రైవరు ఎక్కడుందని అడిగింది.