సెలవుకొచ్చిన జ్వరం

భద్రాచలంలో ప్రాక్టీసు పెట్టుకున్న నాలాంటి డాక్టరు దగ్గరికి యూనిఫాం కుటుంబాలు రెండు రకాలుగా వస్తాయి. కొడుకుని ఆర్మీకి పంపి ఇల్లెందు, బూర్గంపాడు, అశ్వారావుపేట వైపు ఉండిపోయిన తల్లిదండ్రులు మొదటివారు. భర్త చెర్ల అవతల అడవి క్యాంపులో ఉంటే టౌన్లో అద్దెకు దిగిన సీఆర్‌పీఎఫ్ భార్యలు రెండోవారు. సీఆర్‌పీఎఫ్ సైన్యం కిందికి రాదు, హోంశాఖ బలగం అని తెలిసినవాళ్ళు సరిదిద్దుతుంటారు. నిజమే. ఎదురుచూసే ఇంట్లో ఆ తేడా కనిపించదు, పింఛను కాగితాల దగ్గర కనిపిస్తుంది. 2004 జనవరి 1 నుంచి చేరిన సీఆర్‌పీఎఫ్ జవానుది కొత్త పింఛను పథకం, రెగ్యులర్ ఆర్మీవాడిది పాతదే.

ఈ ఇళ్ళన్నీ ఒకే ఒక్క కబురుకి గుండె దిటవు చేసుకుని కూర్చుంటాయి. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్ తాడిమెట్లలో మావోయిస్టుల దాడిలో 76 మంది పోయారు. 2021 ఏప్రిల్ 3న సుక్మా, బీజాపూర్ సరిహద్దులో 22 మంది పోతే అందులో ఇద్దరు తెలుగువాళ్ళు. ఈ తేదీలు కంఠస్థంగా చెప్పే భార్యల్ని చూశాను. కానీ నా గదిలోకి వచ్చేవి జ్వరం, దడ, పట్టని నిద్ర, మానేసిన షుగరు మాత్ర. వీటి గురించి వాళ్ళకి ముందుగా చెప్పినవాళ్ళు లేరు.

ఒక జవాను బస్తర్‌లోని కిష్టారం వైపు క్యాంపు నుంచి కోస్తాలోని సొంతూరికి సెలవు మీద వెళ్ళాడు. చేరిన వారానికి చలిజ్వరం. ఫాల్సిపారం మలేరియా దోమ కుట్టాక బయటపడటానికి మామూలుగా 9 నుంచి 14 రోజులు తీసుకుంటుంది. అంటే అడవిలో కుట్టిన దోమ ఇంట్లో మంచానికి పడేస్తుంది. అక్కడ టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించారు, ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అన్నారు. వాళ్ళని తప్పుపట్టను, ఆ ఊళ్ళో మలేరియా చూసి ఏళ్ళయి ఉంటుంది. కళ్ళు పచ్చబడి మాట తడబడ్డాక భార్య నాకు ఫోన్ చేసింది, పాపకి నా దగ్గర మందు రాయించుకున్న పరిచయంతో.

"ఆయన ఎక్కడ పనిచేస్తారో డాక్టరుగారికి చెప్పారా అమ్మా?"

"డ్యూటీ సంగతి బయట చెప్పొద్దన్నారండీ."

అప్పుడు రక్తపూత చూశారు, ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు పడ్డాయి, మనిషి దక్కాడు. ఊరివాళ్ళ దగ్గర దాచండి, బంధువుల దగ్గర దాచండి, జ్వరమొస్తే మాత్రం "బస్తర్ అడవిలోంచి వచ్చాడు" అని మొదటి మాటగా చెప్పండి అని ఇప్పుడు ప్రతి భార్యకీ నూరిపోస్తున్నాను. వైవాక్స్ రకమైతే ఇంకో చిక్కు. కాలేయంలో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది. దానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి, జీ6పీడీ లోపం ఉందేమో చూసుకుని మరీ. జ్వరం తగ్గగానే మన వీరుడు మాత్రలు బ్యాగులో పడేస్తాడు. లెక్కపెట్టే బాధ్యత ఇల్లాలికి అప్పగిస్తాను.

దడ కథ వేరు. 2025 ఏప్రిల్ 21న ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద మొదలైన కూంబింగ్ మూడు వారాలు సాగింది. ఆ రోజుల్లో ఒకమ్మాయి ఛాతీ పట్టేస్తోందని పదే పదే వచ్చేది. ఈసీజీ బాగుంది, థైరాయిడ్ బాగుంది. ఆరా తీస్తే తెలిసింది, టీవీ కింద పరిగెత్తే అక్షరాలు చదువుతూ తెల్లవార్లూ మేలుకుంటోంది. భర్త రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తానని మాటిచ్చి వెళ్ళాడట. సిగ్నల్ లేని గుట్ట మీద ఆ మాట నిలబెట్టుకోవడం ఎవరి వల్ల అవుతుంది? ప్రేమతో ఇచ్చిన మాటే ఆమెకి రోగమైంది. అందుకే వెళ్ళేవాళ్ళకి టైం చెప్పొద్దంటాను. "కూంబింగ్‌కి పోతే పది రోజులు మోగకపోవచ్చు, దానికి అర్థమేమీ లేదు" అని ముందే చెప్పుకోండి, బెటాలియన్ కంట్రోల్ రూం నంబరు ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి అంటాను. ఆ అమ్మాయికి నేను రాసిన మందు కొద్దిరోజులే. మిగతాది పక్కవాటాలో ఉన్న మరో జవాను భార్య చేసింది, సాయంత్రాలు టీవీ కట్టేసి ఆమెని తన ఇంటికి లాక్కెళ్ళి. రాత్రిపూట మాట్లాడే మనిషి కావాలనేవాళ్ళకి 2022లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో పలుకుతుంది. అయినా పక్కవాటాకి సాటి రాదు.

సెలవు మొదటి వారం గొడవల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసినవే. ఏడాదిపాటు ఇల్లు నడిపినామెకు అతను క్యాంపులో లాగా ఆర్డర్లు వేస్తాడు. అలాంటి భర్తలతో నాలుగు రోజులు మీ ఇంట్లో మీరే చుట్టం అనుకోండి అంటే చాలామంది నవ్వుతారు, కొందరు వింటారు.

ఎంత చెప్పినా అందరూ దాటేసేది కాగితాల సంగతి. కేంద్ర బలగాల కుటుంబాలకు 2021 జనవరిలో ఆయుష్మాన్ కార్డులు మొదలయ్యాయి. తీరా ఆసుపత్రిలో ఆపరేషన్ రోజున చూస్తే కార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. ఆర్మీలోనైతే పెళ్ళయినట్టు, బిడ్డ పుట్టినట్టు పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కాలి. ఎక్కకపోతే రికార్డుల ప్రకారం ఆ భార్య లేనట్టే.

ఇల్లెందు దగ్గరి ఒకావిడ బీపీకి నా దగ్గరే చూపించుకుంటుంది. కొడుకు జమ్మూకి తిరిగి వెళ్ళబోతుంటే కుటుంబమంతా వచ్చారు. నామినీగా ఎవరిని రాశావు, అఫీషియల్ ఫోన్ వస్తే ఎవరెత్తాలి అని అడిగాను. ఇది అమ్మ ముందూ భార్య ముందూ తేలాలి, తర్వాత ఈ ప్రశ్నే ఇళ్ళని చీలుస్తుంది. ఆవిడకి కోపమొచ్చింది. "అట్ల మాట్లాడకండి సారూ, తథాస్తు దేవతలు తిరుగుతుంటరు," అని లేచి బయటికి పోయింది. తండ్రి సింగరేణిలో పనిచేసి రిటైరైన మనిషి. "గనిలోకి దిగే ముందు నాతోటి గూడ రాయించుకున్నరు. ముప్పై ఏండ్లు దిగిన, ఏమన్నయిందా?" అని కొడుకు వైపు తిరిగి, "కోడలి పేరే రాయి. ఫోన్ మాత్రం ముందు నాకు రానీ," అన్నాడు.

మరోవారం ఆవిడే వచ్చింది. బీపీ కొంచెం ఎక్కువగానే ఉంది. చీటీ రాస్తుంటే అడిగింది, కోడలి ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉందట, ఫారంలో ఏది పెట్టాలని. రెండింట్లోనూ ఒకటే ఉండాలి, ఏదైనా సరే అన్నాను.