రబ్బరు మడతలో

2022 జులైలో హైదరాబాద్‌కి ముసురు పట్టింది. ఆ రోజుల్లోనే మా ఇంట్లో బట్టలు వాసన రావడం మొదలైంది. ఆరని బట్టకు వచ్చే వాసన కాదది. ఆరి, మడతపడి, బీరువాలో పడుకున్న బట్టను మర్నాడు కట్టుకుని, ఒంటికి కాస్త చెమట పట్టగానే లేచే వాసన. పులిసిన పిండికీ నానిన గోనెసంచికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఒక సదస్సులో పత్రం చదువుతుంటే నా చీర కొంగులోంచే నాకు తగిలింది. పత్రం దేనిమీదనుకున్నారు? తెలుగు కథల్లో ఇంటిచాకిరీ మీద.

ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని, మా ఇంట్లో పనిచేసే ఆమెను నిలదీయడం. ఆమె పేరు ఇక్కడ రాయను. నల్గొండ జిల్లా నుంచి పట్నం వచ్చిన మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. నేను 'అక్కా' అంటాను, ఆమె నన్ను 'మేడమ్' అంటుంది. (ఆ రెండు పిలుపుల మధ్య ఉన్న దూరం మీద విడిగా ఒక వ్యాసం రాయొచ్చు.) మిషన్ వేసేది నేను, బట్టలు తీసి ఆరేసేది ఆమె. కాబట్టి తప్పు ఆమెదేనని నేను రెండో ఆలోచన లేకుండా అనేసుకున్నాను. సరిగ్గా దులిపి ఆరేయడం లేదన్నాను. తడి ఉండగానే మడతపెడుతున్నావన్నాను. మూడోసారి మా ఆడపడుచు వాళ్లు ఇంట్లో ఉండగా, వాళ్ల ముందే అన్నాను. అప్పుడు ఆమె ఒక్క మాట అంది: "మిషన్‌లనే కంపున్నది మేడమ్. ఒక్కపారి తలకాయ లోపట పెట్టి చూడున్రి."

నేను చూడలేదు. నెల తిరక్కుండా ఆమె పని మానేసింది.

మా ఆయనకైతే ఏ వాసనా రాలేదు. "నాకేం తెలియట్లేదే" అన్నాడు, చొక్కా మూతి దగ్గర పెట్టుకుని. అబద్ధం కాదు, నిజంగానే తెలియలేదు. ఉతకడం ఎవరి పనో వాసన వాళ్లకే వస్తుంది. మిగతావాళ్లకు అది గాలిలో ఒక భాగం.

ఆమె మానేశాక బట్టలు తీసే పని నా మీద పడింది. అప్పుడు వంగాను. మాది ముందువైపు గుండ్రటి తలుపు ఉండే మిషన్. ఆ తలుపు చుట్టూ లోపల మందపాటి బూడిదరంగు రబ్బరు ఉంటుంది. దాని మడతలో ఏదో ఇరుక్కున్నట్టుంటే వేలు పెట్టి లాగాను. మా బాబు స్కూలు సాక్సు, ఒక రెండు రూపాయల బిళ్ల, వెంట్రుకల ఉండ వచ్చాయి. మడత ఇంకాస్త విప్పితే అడుగున నల్లగా, జిగటగా, ఆవగింజలు చల్లినట్టు బూజు. సబ్బు పొడి పోసే సొరుగును బయటికి పీకితే దాని వెనక గోడ కూడా అదే రంగు. కిందమూల చిన్న మూత వెనక ఉండే ఫిల్టరును నాలుగేళ్లలో ఎవరూ తీసి చూడలేదు. దాన్ని తిప్పగానే చెంబెడు నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి. ఆ వాసన గురించి రాయను.

కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు మంచివాడే. అన్నీ విడమరచి చెప్పాడు, మా ఆయనకు. "సార్, ఉతకడం అయ్యాక తలుపు మూసేస్తే లోపల తేమ ఎటూ పోదు సార్. మేడమ్ గారు మూసి పెడుతున్నట్టున్నారు." మర్యాద అంతా సార్‌కి, తప్పు మేడమ్‌కి.

కానీ అతను చెప్పింది నిజం. తలుపు మూసేది నేనే. మా అత్తమ్మ మొదటి రోజే చెప్పింది, తెరిచి ఉంచితే బొద్దింకలు దూరతాయని. ఆమె చెప్పకపోయినా మూసేదాన్ని. బియ్యం డబ్బా, బీరువా, పప్పుల సీసా, ఏది తెరిచినా మూసి తీరాలని మన చేతులకు చిన్నప్పుడే నేర్పారు. తెరిచి ఉన్న తలుపు 'ఇల్లాలి పొంకం' మీద మచ్చ. నేను ఆ మాటను పత్రాల్లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి విమర్శిస్తూ వచ్చాను. చెయ్యి మాత్రం మూస్తూనే ఉంది.

మిగతా తప్పులు కూడా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. మాది బోరు నీళ్లు, ఉప్పెక్కువ, నురగ రాదు. నురగ రాకపోతే ఉతికినట్టు అనిపించదు కనక ఇంకో చెంచా పొడి వేస్తాను. కరగని పొడి, నీళ్లలోని సున్నం కలిసి డ్రమ్ము వెనక పొరలా పేరుకుంటాయి. సూక్ష్మజీవులకు అదే తిండి, అదే ఇల్లు. పైగా కరెంటు ఆదా అని ఎప్పుడూ చల్లనీళ్లలో, ముప్ఫై నిమిషాల్లో ఉతికేయడం. ఉతికిన బట్టకు తిరిగొచ్చే ఆ పుల్లని వాసనకు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా కారణమని జపాన్ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించారు. చల్లటి ఉతుకులో అది చావదు. బట్టల్లోనే ఉండిపోయి, మళ్లీ తేమ తగలగానే లేస్తుంది. నా కొంగులో, సదస్సు మధ్యలో లేచినట్టు.

వేడి అనగానే నాకు అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. వాగు ఒడ్డున చాకలివాళ్లు బట్టల్ని చౌడు నీళ్లలో ముంచి, బాన మీద చుట్టూ పేర్చి, కింద మంట పెట్టి రాత్రంతా ఉబ్బ పెట్టేవాళ్లు. మరుగుతున్న నీటి ఆవిరి బట్టల మడత మడతలోకి పోయేది. పొద్దున బండకేసి బాది, ఎండిన ఇసుక మీద పరిచేవాళ్లు. ఆవిరి, ఆ తర్వాత ఎండ. ఈ రోజు మాన్యువల్‌లో 'డ్రమ్ క్లీన్' అని రాసి ఉన్నదానిలో సగం ఆ బానలో ఉంది. దాన్ని విద్య అని ఎవరూ అనలేదు. ఆ ఇంటి పెద్దమ్మ సాయంత్రం గిన్నె పట్టుకుని మా వాకిట్లో నిలబడితే, ఐదేళ్ల నేను ఆమెను పేరు పెట్టి పిలిచేదాన్ని.

అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని ఒక పుస్తకం రాసింది. పీహెచ్‌డీ రోజుల్లో చదివి, అండర్‌లైన్లు గీసి పెట్టుకున్నాను. యంత్రాలు వచ్చాక అక్కడి గృహిణికి పని తగ్గలేదు, చాకలి స్త్రీలు చేసే పని కూడా ఆమె ఒక్కదాని మీదికే వచ్చింది, శుభ్రత కొలతలూ పెరిగాయి అంటుందామె. మన దగ్గర ఆ పని పూర్తిగా ఇల్లాలి మీదికి రాలేదు. సగం మిషన్‌కి, సగం అక్కకి పోయింది, పెత్తనం మాత్రం నా దగ్గర ఉండిపోయింది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సర్వేలో, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ లెక్కను నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. మిషన్‌ను కడగడం ఆ నిమిషాల్లో ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఇప్పుడు ఉతకడం కాగానే బట్టలు తీసేస్తాం, గంటలు గంటలు లోపల ఉంచం. రబ్బరు మడతను పాత లుంగీ గుడ్డతో తుడుస్తాం. తలుపు నాలుగు వేళ్ల సందు వదిలి ఉంచుతాం (పసిపిల్లలుంటే వాళ్లు లోపలికి దూరకుండా కనిపెట్టుకోవాలి). సొరుగు కూడా కాస్త బయటికి లాగే ఉంటుంది. పొడి సగానికి తగ్గించాం, బట్టలు మురికిగా ఏమీ రాలేదు. నెలకోసారి ఫిల్టరు కడిగి, ఖాళీ మిషన్‌ను బాగా వేడి నీళ్ల మీద తిప్పుతాం. సున్నానికి అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు. బ్లీచింగ్‌ను మాత్రం నిమ్మ ఉప్పుతో గానీ వెనిగర్‌తో గానీ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. ఫిల్టరు పని మా ఆయనది. మొదటి రెండు నెలలూ గుర్తుచేయాల్సి వచ్చింది. గుర్తుచేయడం కూడా పనేనని మూడో నెల గొడవపడ్డాం.

అక్కకు ఫోన్ చేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. మిషన్‌ది తప్పు, నిన్నన్నాను అని చెప్పాను. "నేను జెప్తె ఇనకపోతిరి" అంది, కోపం లేకుండా. వాళ్లమ్మ ఊళ్లో ఉబ్బ పెట్టేదట. ఆ మాట నాకు అప్పుడే తెలిసింది, మూడేళ్లు మా ఇంట్లో పనిచేశాక. ఆమె ముక్కుకు కులం అంటగట్టడం లేదు నేను. ఆమె చేతులు రోజూ ఆ రబ్బరు మడతకు తగిలేవి, నావి తగలలేదు, అంతే. మళ్లీ వస్తావా అని అడిగితే, "రాను మేడమ్, ఈడ మంచిగనే ఉన్నది" అంది. పెట్టేయబోతూ ఆగి అడిగింది:

"బాబు సాక్సు దొరికిందా? జూన్‌ల పోయింది సూడున్రి, నన్నడిగిరి."

దొరికిందన్నాను. ఎక్కడ అని ఆమె అడగలేదు.